పాత మేడలో ట్యూబ్‌లైట్లన్నీ మినుకుమంటున్నాయి, స్టార్టర్లు మార్చినా తగ్గడం లేదు

గిర్మాజిపేట_మేడ | ఆదివారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. వరంగల్ గిర్మాజిపేటలో మా తాతగారు కట్టించిన మేడ ఉంది. డంగు సున్నం గోడలు, టేకు దూలాలు. కింద మేముంటాం. పైనున్న పొడవాటి హాలును నాలుగేళ్లుగా మా వీధి పిల్లలు చదువుకోవడానికి ఇచ్చాం. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు, బ్యాంకు పరీక్షలకు తయారయ్యేవాళ్లు రోజూ ముప్పై మంది దాకా వస్తారు. మధ్యాహ్నం మూడింటికి తెరిస్తే రాత్రి పదకొండుకు మూస్తాం. కిటికీలు చిన్నవి కాబట్టి పగలు కూడా లైట్లు వేయాల్సిందే.

పైన పది ట్యూబ్‌లైట్లు, కింద నాలుగు. అన్నీ పాత రాగి చోకులవే. వైరింగు కూడా పాతకాలపుదే, చెక్క పట్టీల మీద క్లిప్పులు కొట్టి పరిచింది. ఫ్యూజులు పింగాణీవి. కనెక్షన్ త్రీఫేజు, అంటే మూడు కరెంటు తీగలు (ఫేజులు) వస్తాయి.

ఈ వానాకాలం నుంచి లైట్లు మినుకుమంటున్నాయి. మొదట ఒకటి రెండు, ఇప్పుడు దాదాపు అన్నీ. ఇప్పటికి 3 ట్యూబులు, 11 స్టార్టర్లు, 2 చోకులు మార్చాం. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. నిన్న ఒక అమ్మాయి పుస్తకం మూసేసి కళ్లు నలుపుకుంటూ కూర్చుంది. తలనొప్పి వస్తోందంటే ఇంటికి పంపించాను. పరీక్ష ఇంకో ఐదు వారాలే ఉంది. నాకు చాలా బాధగా ఉంది. అన్నీ పీకేసి ఎల్‌ఈడీలు వేయడమే మార్గమా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_వైర్‌మన్ | ఆదివారం, రాత్రి 10.05

తమ్ముడూ, ఇంకొక్క స్టార్టరు కూడా కొనవద్దు. ముందు నేను అడిగినవి చూసి చెప్పండి. హనుమకొండ, వరంగల్‌లలో 38 ఏళ్లు వైరింగు పని చేశాను. మీరు చెప్పిన లాంటి ఇళ్లు మట్టెవాడ నుంచి శివనగర్ దాకా చాలా చూశాను.

"మినుకుమనడం" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో నాలుగైదు జబ్బులుంటాయి. ట్యూబు పూర్తిగా ఆరిపోయి, టక్ మని మళ్లీ వెలుగుతోందా? లేక వెలుగుతూనే సన్నగా వణుకుతోందా? లోపల పాము మెలికలు తిరిగినట్టు వెలుగు కదులుతోందా? రెండు కొనలూ ఎర్రగా కాలుతూ మధ్యలో చీకటిగా ఉంటోందా? ఒక్కో దాని కింద నిలబడి రెండు నిమిషాలు చూడండి. కొనల దగ్గర నల్లబడ్డ వాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మినుకుమన్నప్పుడు అన్నీ ఒకే క్షణంలో మినుకుమంటున్నాయా, దేనికదే వేరుగా చేస్తోందా? దీనికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, రాత్రి 10.30

అన్నా, ఈ రోజుల్లో చోకులు పట్టుకుని కూర్చోవడం ఎందుకు? పద్నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు తెచ్చి వేయించండి, ఒక్క రోజు పని. మా ఇంట్లో రెండేళ్ల కింద అన్నీ మార్చేశాం. కరెంటు బిల్లు తగ్గింది, కళ్లకు హాయిగా ఉంది. పాత సామానుకు డబ్బు పోస్తూనే ఉంటే అంతుండదు.

పాత_వైర్‌మన్ | ఆదివారం, రాత్రి 10.41

ఎల్‌ఈడీ మంచిదే బాబూ, కాదనను. కానీ జబ్బు లైటులో లేకుండా లైనులో ఉంటే కొత్త ఎల్‌ఈడీలు వారం తిరక్కుండా పోతాయి. ముందు కారణం దొరకాలి.

ఎలక్ట్రికల్_టీచర్ | సోమవారం, ఉదయం 6.50

పాత_వైర్‌మన్ గారు అడిగిన తీరు సరైనది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. ట్యూబ్‌లైటు ఎలా వెలుగుతుందో తెలిస్తే ఆ ప్రశ్నలు ఎందుకు అడిగారో అర్థమవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్టార్టరు డబ్బా మూత తీస్తే లోపల చిన్న గాజు బుడ్డి కనిపిస్తుంది. అందులో వాయువు, ఎదురెదురుగా రెండు రేకులు ఉంటాయి. ఒక రేకు రెండు లోహాలు అతికించి చేసింది, వేడెక్కితే వంగుతుంది. స్విచ్ వేయగానే పూర్తి వోల్టేజి ఆ బుడ్డి మీద పడుతుంది. వాయువు మెరిసి రేకు వేడెక్కుతుంది, వంగి రెండో రేకును తాకుతుంది. అప్పుడు కరెంటు ట్యూబు రెండు కొనల్లోని తీగల గుండా పారి వాటిని ఎర్రగా కాలుస్తుంది. ఈలోపు బుడ్డిలో మెరుపు ఆగిపోయింది కదా, రేకు చల్లారి విడిపోతుంది. విడిపోయిన క్షణంలో చోకు కొన్ని వందల వోల్టుల దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకే ట్యూబు వెలుగుతుంది. వెలిగాక నలభై వాట్ల ట్యూబు మీద ఉండేది 100, 110 వోల్టులే. స్టార్టరు మళ్లీ మెరవడానికి అది చాలదు కాబట్టి అది పక్కన ఊరుకుంటుంది.

ట్యూబు ముసలిదైతే కొనల్లో తీగకు పూసిన పదార్థం అరిగిపోతుంది. నల్ల మచ్చలు దాని గుర్తే. అప్పుడు వెలుగు నిలవదు, స్టార్టరు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆరి వెలగడం అంటే ఇదే. కొన్నిసార్లు ఒక కొన మాత్రమే చచ్చిపోతుంది. కరెంటు ఒకవైపే బాగా పారి, సెకనుకు 100 సార్లు రావలసిన వెలుగు 50 సార్లే వస్తుంది. నూరు సార్లయితే కన్ను పెద్దగా పట్టించుకోదు గానీ యాభైని గుర్తుపడుతుంది. మీ హాలులో తలనొప్పులకు ఇదీ ఒక కారణం కావచ్చు. అలాంటి ట్యూబు ఉంటే చోకు కూడా విపరీతంగా వేడెక్కుతుంది.

రెండు కొనలూ ఎర్రగా కాలుతూ ఉంటే స్టార్టరు రేకులు అతుక్కుపోయాయన్నమాట. దాన్ని అలా వదిలేస్తే మంచి ట్యూబు కూడా పాడవుతుంది. పాము మెలికలు మాత్రం కొత్త ట్యూబుల్లో మామూలే. నాలుగైదు సార్లు ఆపి వేస్తే, కొన్ని రోజులు వాడితే సర్దుకుంటుంది.

సిరిసిల్ల_సాంచా | సోమవారం, మధ్యాహ్నం 2.15

మా సాంచాల (మరమగ్గాల) షెడ్డులో ఈ బాధ అనుభవించినవాణ్ని కాబట్టి రాస్తున్నాను. సాంచాలు నడుస్తుంటే గోడలే అదురుతాయి. ఆ అదురుకు ట్యూబు హోల్డరులోంచి వెంట్రుకవాసి తిరిగి వదులవుతుంది. స్టార్టరు కూడా అంతే. దాని మీద నూలు దుమ్ము పేరుకుంటుంది. మేం స్టార్టరు మార్చాలనుకునే ముందు మెయిన్ ఆపి, ట్యూబు తీసి, పిన్నులు గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి గట్టిగా తిప్పుతాం. పదింటిలో నాలుగు అంతటితోనే బాగవుతాయి. ఆ తెల్ల ప్లాస్టిక్ హోల్డర్లు ఏళ్లు గడిస్తే పెళుసుబారి లోపలి ఇత్తడి రేకు వదులవుతుంది. పాత మేడ కాబట్టి అది కూడా చూడండి.

ఇంకో సంగతి. మా పెద్దవాళ్లు షెడ్డులో పక్కపక్క ట్యూబులను ఒకే ఫేజు మీద వేయనిచ్చేవారు కాదు. ఒకే ఫేజు మీద ఉంటే అన్నీ ఒకేసారి తగ్గి ఒకేసారి పెరుగుతాయి. ఆ వెలుగులో వేగంగా తిరిగే చక్రం నిలిచిపోయినట్టో, మెల్లగా తిరుగుతున్నట్టో కనబడుతుంది. ఆగిందనుకుని చేయి పెడితే అంతే సంగతులు. వేరు వేరు ఫేజుల మీద వేస్తే ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి పెరిగి ఆ భ్రమ పోతుంది. మీది చదువుకునే హాలే అయినా, పది ట్యూబులూ ఒకే ఫేజు మీద ఉన్నాయేమో కనుక్కోండి.

గిర్మాజిపేట_మేడ | మంగళవారం, రాత్రి 8.40

అందరికీ కృతజ్ఞతలు. నిన్న, ఈరోజు మా మేనల్లుడు, నేను కాగితం పెన్ను పట్టుకుని అన్నీ చూశాం. సిరిసిల్ల అన్న చెప్పినట్టు మెయిన్ ఆపి పద్నాలుగు ట్యూబులూ తీసి పిన్నులు తుడిచి పెట్టాం. రెండు వెంటనే బాగయ్యాయి. పైన తలుపు దగ్గరిది, మూడో కిటికీ పక్కది కొనలు బాగా నల్లబడి ఉన్నాయి. వాటిని కింద బాగున్న ఫిట్టింగుల్లోకి మార్చి చూస్తే అక్కడా ఆరి వెలుగుతున్నాయి. ట్యూబులే పోయాయని తేలింది.

మిగతావి మాత్రం అలా లేవు. ఆరిపోవడం లేదు, ఒక్కసారిగా అన్నీ మసకబారి మళ్లీ తేరుకుంటున్నాయి. పాత_వైర్‌మన్ గారు అడిగినట్టు హాలు మధ్యలో నిలబడి చూశాను. అన్నీ ఒకే క్షణంలో చేస్తున్నాయి, ఎవరో ఒకే తాడు పట్టి లాగినట్టు.

ఇంకొకటి గమనించాం. ఇది ఎందుకో అర్థం కాలేదు. సాయంత్రం మా అమ్మ కింద ఇస్త్రీ పెట్టె పెట్టింది. కింది గదుల లైట్లు మందగించాయి, అది సహజమే అనుకున్నాను. అదే సమయంలో పైనుంచి మేనల్లుడు కేక వేశాడు, "మామా, ఇక్కడ లైట్లు ఎక్కువ వెలుగుతున్నాయి, ఫ్యాను వేగం పెరిగింది" అని. ఇస్త్రీ పెట్టె తీయగానే పైన తగ్గింది. మూడు సార్లు చేసి చూశాం, మూడు సార్లూ అంతే.

పాత_వైర్‌మన్ | మంగళవారం, రాత్రి 8.47

తమ్ముడూ, ఇది చదవగానే లేచి మెయిన్ స్విచ్ ఆపండి. పిల్లల్ని ఇళ్లకు పంపండి. ఫ్రిజ్, టీవీ, కంప్యూటర్, ఫోను చార్జర్లు, అన్నీ ప్లగ్గుల్లోంచి తీసేయండి. ఈ రాత్రి కరెంటు లేకపోయినా పరవాలేదు.

మీ న్యూట్రల్ వదులైంది. ట్యూబులది కాదు, చోకులది కాదు. 1912కు ఫోన్ చేసి "న్యూట్రల్ పోతోంది, త్రీఫేజు ఇల్లు, లైట్లు ఎక్కువ తక్కువ అవుతున్నాయి" అని ఇవే మాటలతో చెప్పండి. ఊరికే లైటు సమస్య అంటే రేపు వస్తామంటారు. మీటరుకు ముందున్న వైరును మీరుగానీ మీ ఎలక్ట్రీషియన్‌గానీ ముట్టుకోవద్దు. మెయిన్ ఆపినా అక్కడ కరెంటు ఉంటుంది.

గిర్మాజిపేట_మేడ | మంగళవారం, రాత్రి 9.02

ఆపేశాం సార్. పిల్లలు వెళ్లిపోయారు. 1912కు చెప్పాను. కొవ్వొత్తి వెలుగులో రాస్తున్నాను. ఇంత ప్రమాదమా?

ఎలక్ట్రికల్_టీచర్ | మంగళవారం, రాత్రి 9.30

ప్రమాదమే. ఎందుకో చెబుతాను.

త్రీఫేజు ఇంట్లో మూడు ఫేజులకూ తిరుగుదారి ఒకటే, అదే న్యూట్రల్. అది గట్టిగా ఉన్నంత కాలం ఒక్కో ఫేజుకు దాని 230 వోల్టులు దానికి వస్తాయి. ఒకదాని బరువు, అంటే దాని మీద నడిచే సామాను లాగే కరెంటు, ఇంకొకదానికి తెలియదు. న్యూట్రల్ అతుకు పాడైతే ఆ మధ్య బిందువు జారిపోతుంది. బరువు ఎక్కువున్న ఫేజు వైపు జరుగుతుంది. ఆ ఫేజులో వోల్టేజి పడుతుంది, మిగిలిన రెండింటిలో పెరుగుతుంది. మామూలు వోల్టేజి తగ్గుదలకూ దీనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మామూలుగా తగ్గితే ఏ లైటూ ఎక్కువ వెలగదు. ఒకచోట మందగించి ఇంకొకచోట పెరిగిందంటే న్యూట్రల్‌నే అనుమానించాలి.

ఆ అతుకు పూర్తిగా ఊడిపోతే ఏమవుతుందో ఊహించండి. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. తక్కువ బరువున్న ఫేజులోని ఫోను చార్జరు మీద ఆ 400లో ఎక్కువ భాగం పడవచ్చు. కాజీపేట తమ్ముడు చెప్పినట్టు ఆదివారమే ఎల్‌ఈడీలు వేసి ఉంటే మొదట పోయేవి అవే. పాత రాగి చోకు కాస్త ఎక్కువ తక్కువలు ఓర్చుకుంటుంది. ఎల్‌ఈడీలోని చిన్న సర్క్యూటు అంత ఓర్చుకోదు.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, రాత్రి 9.44

నిజమే మేడమ్. నేను తొందరపడి చెప్పాను. నాకు ఈ విషయం తెలియదు, మా ఇంట్లో కూడా త్రీఫేజే. రేపే చూపిస్తాను.

గిర్మాజిపేట_మేడ | బుధవారం, ఉదయం 7.35

రాత్రి పదిన్నరకు లైన్‌మన్ వచ్చి చూసి, చీకట్లో నిచ్చెన ఎక్కడం మంచిది కాదని స్తంభం దగ్గరే మా లైను విప్పి వెళ్లారు. పొద్దున పదింటికి వస్తానన్నారు.

ఈలోపు మా వీధిలోని ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "న్యూట్రల్ కోసం అంత దూరం ఎందుకు, ఎర్తింగు గుంత ఉంది కదా, న్యూట్రల్ కట్టను ఎర్తుకు కలిపేస్తే లైట్లు గట్టిగా వెలుగుతాయి, చాలా ఇళ్లలో చేశాను" అంటున్నాడు. చేయించమంటారా?

పాత_వైర్‌మన్ | బుధవారం, ఉదయం 7.41

వద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

లైట్లు వెలుగుతాయి, అది నిజం. కానీ ఇంటి కరెంటంతా ఆ ఎర్తు కడ్డీ గుండా భూమిలోకి పోవాలి. వేసవిలో ఆ గుంత ఎండిపోతే దారి ఉండదు. అప్పుడు ఫ్రిజ్ తలుపుకు, వాషింగ్ మెషీన్ డబ్బాకు, మోటారు బాడీకి, ఎర్తు తగిలిన ప్రతి ఇనుముకూ కరెంటు ఎక్కుతుంది. ఎర్తు ఉన్నది మనిషిని కాపాడటానికి. దాన్ని న్యూట్రల్‌గా వాడితే అదే మనిషి ప్రాణం తీస్తుంది. నా కళ్లతో చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. తడి చేతులతో మోటారు ముట్టుకున్న ఒక పెద్దమ్మ... ఇక రాయలేను. ఆ అబ్బాయికి ఇదే చూపించండి. కోపంతో కాదు, తెలియక చేస్తున్నాడు.

గిర్మాజిపేట_మేడ | బుధవారం, మధ్యాహ్నం 3.10

దొరికింది.

లైన్‌మన్ పొద్దున వచ్చారు. మొదట స్తంభం దగ్గర లైను కలిపి రెండే నిమిషాలు పరీక్షిస్తానన్నారు. ఆయన మల్టీమీటరులో అంకెలు రాసుకున్నాను. ఏమీ వేయకుండా మూడు ఫేజులకూ 224, 236, 231. కింద ఇస్త్రీ పెట్టె పెట్టగానే మొదటి ఫేజు 196కు పడింది, మిగతా రెండూ 249, 248కు ఎక్కాయి. ఫేజుకూ ఫేజుకూ మధ్య మాత్రం కదలకుండా 398 ఉంది. టీచర్ గారు చెప్పింది అంకెల్లో కళ్ల ముందు కనబడింది. వెంటనే మళ్లీ విప్పేసి నిచ్చెన వేశారు.

చూరు కింద, సర్వీసు వైరు గోడకు వచ్చే చోట ఎప్పుడో వేసిన అతుకు ఉంది. స్తంభం నుంచి వచ్చింది అల్యూమినియం తీగ, మీటరుకు పోయేది రాగి తీగ. రెండింటినీ మెలిపెట్టి పైన టేపు చుట్టారు. ఆయన టేపు విప్పుతుంటే అది పొరలు పొరలుగా కాకుండా బొగ్గు పెచ్చులా ఊడి వచ్చింది. లోపల రాగి మీద పచ్చటి చిలుము, అల్యూమినియం మీద తెల్లటి పొడి. ఏడు పోగుల్లో ఐదు విరిగిపోయి రెండే పట్టుకుని ఉన్నాయి. ఆ రెండూ వేలితో తాకగానే విరిగాయి. దానికి జానెడు దూరంలో మా టేకు దూలం చివర. దాని మీద అరచేయంత మసి మచ్చ. నేను దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడిపోయాను. పైన ముప్పై మంది పిల్లలు, కింద మా అమ్మ.

అతుకు తీసేసి సర్వీసు వైరునే మీటరు దాకా కొత్తగా లాగారు, మధ్యలో అతుకు లేకుండా. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె పెడితే 227, 232, 231.

పాత_వైర్‌మన్ | బుధవారం, మధ్యాహ్నం 3.25

దేవుడి దయ. ఆ మసి మచ్చ చూశారు కదా, అందుకే రాత్రే ఆపమన్నాను.

రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా మెలిపెడితే వాన చెమ్మ తగిలి రెండూ తినేసుకుంటాయి. అలా కలపాల్సి వస్తే ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియం ఉండే ప్రత్యేకమైన లగ్గు వాడాలి. మీకు వానాకాలం నుంచి మొదలైందని మొదటి రోజే రాశారు, అప్పుడే అనుమానం వచ్చింది. ఇంటి లోపల న్యూట్రల్ ఇత్తడి దిమ్మె మరలు కూడా మెయిన్ ఆపి బిగించుకోండి. పాత ఇంట్లో లోపల అల్యూమినియం తీగ ఉంటే అది మర కింద నలిగి ఏటా కొంత వదులవుతూనే ఉంటుంది.

జమ్మికుంట_రైతు | బుధవారం, రాత్రి 7.50

సార్, మా ఊళ్లో కూడా యాసంగిలో లైట్లు ఇలాగే చేస్తాయి. వెనకటి రోజుల్లో వంతుల వారీగా త్రీఫేజు వచ్చేది. రాత్రి రెండింటికి కరెంటు రాగానే ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి లేచేవి, ఇంట్లో ట్యూబ్‌లైటు టప్పున ఆరిపోయేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆ బాధ తగ్గింది గానీ, నాట్లప్పుడు సాయంత్రాలు ట్యూబు అంటుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. మాది కూడా న్యూట్రలేనా?

పాత_వైర్‌మన్ | బుధవారం, రాత్రి 8.05

మీది సింగిల్ ఫేజు ఇల్లైతే, ఏ లైటూ ఎక్కువ వెలగకపోతే, అది ట్రాన్స్‌ఫార్మరు మీది భారం. వోల్టేజి 180 దగ్గరికి వచ్చిందంటే రాగి చోకు ట్యూబు అంటుకోవడం కష్టం. స్టార్టరు కొట్టుకుంటూనే ఉంటుంది, ట్యూబు కొనలు నల్లబడతాయి. అలాంటి చోట ఎల్‌ఈడీయే మేలు. చాలా కంపెనీలవి తక్కువ వోల్టేజిలో కూడా వెలుగుతాయి, కొనేటప్పుడు డబ్బా మీద ఎంత నుంచి ఎంత వరకు అని చూసుకోండి. ఊరంతా కలిసి ట్రాన్స్‌ఫార్మరు గురించి అర్జీ పెట్టండి.

హసన్‌పర్తి_అక్క | గురువారం, ఉదయం 11.00

ఈ చర్చ మొత్తం చదివాను. గిర్మాజిపేట తమ్ముడూ, పిల్లలకు ఏమీ కానందుకు సంతోషం. నాదొక సందేహం. మా ఇంట్లో అటక మీద పాడైపోయిన ట్యూబులు పదిహేను దాకా ఉన్నాయి. పిల్లలు వాటిని కత్తుల్లా పట్టుకుని ఆడబోతే లాక్కున్నాను. చెత్త బండిలో వేయవచ్చా?

ఎలక్ట్రికల్_టీచర్ | గురువారం, మధ్యాహ్నం 1.20

వేయవద్దమ్మా. ప్రతి ట్యూబులోనూ కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే ఆవిరై గాలిలో కలుస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల్లో పాదరసం ఉన్న దీపాలను కూడా చేర్చారు. మామూలు చెత్తతో కలపకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు విడిగా ఇవ్వాలి. అప్పటిదాకా కొత్త ట్యూబులు వచ్చిన అట్ట గొట్టాల్లోనే పెట్టి పిల్లలకు అందకుండా నిలబెట్టి ఉంచండి.

ఒకవేళ ఇంట్లో పగిలితే చీపురుతో ఊడవకండి, చీపురు ఆ పొడిని గదంతా పరుస్తుంది. కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, పిల్లల్ని తీసుకుని పదిహేను నిమిషాలు బయట ఉండండి. తర్వాత గట్టి అట్టముక్కలతో ముక్కలు ఎత్తి, సన్నటి పొడిని అంటుకునే టేపుతో అద్ది, అన్నీ మూత ఉన్న సీసాలో వేయండి.

అసలు ఈ ట్యూబులే త్వరలో కనుమరుగవుతాయి. పాదరసం మీద కుదిరిన మినమాటా ఒప్పందంలో మన దేశం 2018లో చేరింది. ఆ ఒప్పంద దేశాలు 2023లో జెనీవాలో కూర్చుని, పొడుగు ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027తో ముగించాలని నిర్ణయించాయి. కాబట్టి గిర్మాజిపేట వారు ఇప్పుడు ఎల్‌ఈడీకి మారితే మంచిదే. ఇప్పుడు వేసినవి నిలుస్తాయి.

కాజీపేట_జంక్షన్ | గురువారం, సాయంత్రం 6.15

లెక్క నేను వేశాను అన్నా. మీ ఒక్కో ట్యూబు 36 వాట్లు, చోకు తినేది ఇంకో 12 దాకా, మొత్తం 48. ఎల్‌ఈడీ 20. తేడా 28. పద్నాలుగు లైట్లకు 392 వాట్లు. రోజుకు ఎనిమిది గంటలైతే 3.1 యూనిట్లు, నెలకు సుమారు 94 యూనిట్లు మిగులుతాయి.

పాత_వైర్‌మన్ | గురువారం, సాయంత్రం 6.40

మంచి లెక్క. బిగించేటప్పుడు ఒక్కటి మర్చిపోకండి. ఎల్‌ఈడీ ట్యూబులు రెండు రకాలు. కొన్నిటికి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే కొనకు ఇవ్వాలి. కొన్నిటికి చెరో కొనకూ ఇవ్వాలి. డబ్బా మీద బొమ్మ చూడకుండా పెడితే వేయగానే టప్ మంటుంది. పాత స్టార్టరును అలాగే ఉంచి ఎల్‌ఈడీ పెట్టకూడదు. దానితో వచ్చే ఉత్తుత్తి స్టార్టరు పెట్టాలి, లేదా చోకు, స్టార్టరు రెండూ తీసేసి నేరుగా వైరు ఇవ్వాలి. నేనైతే తీసేయమంటాను. ఆ చోకులో రాగి ఉంటుంది, పాత సామాను వాళ్లు కొంటారు.

స్విచ్‌లు ఫేజు మీద ఉన్నాయో న్యూట్రల్ మీద ఉన్నాయో కూడా టెస్టరుతో చూపించండి. పాత ఇళ్లలో తారుమారుగా ఉంటాయి. అలా ఉంటే స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మిణుగురులా మసకగా వెలుగుతూనే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఆపామనుకుని హోల్డరులో చేయి పెడితే షాకు కొడుతుంది.

గిర్మాజిపేట_మేడ | పదకొండు రోజుల తర్వాత, సోమవారం, రాత్రి 9.50

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. హాలులో పదింటికీ ఎల్‌ఈడీలు వేశాం, మూడు ఫేజుల మీదా పంచాం. కింద నాలుగూ ట్యూబులే ఉంచాం, వాటి ప్రాణం ఉన్నంత వరకు వాడతాం. రెండు స్విచ్‌లు న్యూట్రల్ మీద దొరికాయి, సరి చేయించాం. ఆ పని చేసింది మా వీధి ఎలక్ట్రీషియనే. పాత_వైర్‌మన్ గారి మాటలు చదివి వినిపించాక, తాను ఎర్తుకు కలిపిన మూడు ఇళ్లకు వెళ్లి విప్పి వస్తానన్నాడు. రెండు ఇళ్లకు వెళ్లి వచ్చాడు కూడా. మూడో ఇంటివాళ్లు ఊళ్లో లేరు, తాళం వేసి ఉంది. ఆదివారం వస్తారట.

తలనొప్పితో వెళ్లిపోయిన అమ్మాయి ఈరోజు మళ్లీ మూడో కిటికీ పక్కనే కూర్చుంది. ఇప్పుడు పది కావస్తోంది, ఇంకా చదువుతోంది.

పాత_వైర్‌మన్ | సోమవారం, రాత్రి 9.58

ఆ మూడో ఇల్లు ఎక్కడో ఆ అబ్బాయిని అడిగి నాకు విడిగా పంపండి. ఆదివారం నేను కూడా వస్తాను.